రూప ఎత్తు దారం

చౌటుప్పల్,
17 జూన్ 2018

పెద్దమ్మకు కోమల వందనాలు.

ఇక్కడ మేం ముగ్గురం దేవుని దయ వల్ల బాగున్నాం. నువ్వు పంపిన సంచి ఐలేశం అన్న నిన్న ఇచ్చిపోయాడు. మర్రిగూడ నుంచి అతని జీపు వచ్చి మా వెంచర్ గేటు దగ్గర ఆగితే చాలు, రూప చెప్పులు కూడా వేసుకోకుండా ఉరుకుతుంది. ఈసారి మట్టి ఎడ్లలో ఒకదానికి కొమ్ము విరిగింది. నాలుగేళ్ళ పిల్ల దానికోసం ఎంత ఏడ్చిందో చెప్పలేను. సాయంత్రం డేవిడ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి గోధుమపిండి ముద్దతో కొమ్ము అతికించాక ఊరుకుంది. ఇప్పుడు ఆ ఎద్దుకు ఒక కొమ్ము ఎరుపు, ఒక కొమ్ము తెలుపు.

జొన్న దంట్ల బండి మాత్రం చెక్కు చెదరకుండా వచ్చింది. దాన్ని చూసిన దగ్గర నుంచి తానూ చేస్తానని ఒకటే గోల. ఇక్కడ జొన్న దంట్లు ఎక్కడివి పెద్దమ్మా, కనుచూపు మేర ప్లాట్ల రాళ్ళే. ఒక కట్ట పంపు.

ఫోన్ చేద్దామంటే నీ చెవులతో కష్టం. పోయినసారి నేను మెల్లగా పలకరిస్తే "ఎవలు సచ్చిన్రే?" అని నువ్వు అరిచిన అరుపు మా పక్కింటి సుహాసినికి కూడా వినపడింది. అందుకే ఉత్తరమే మేలు. నీ అక్షరాలు బాగానే ఉన్నాయి. అంగన్‌వాడీలో ఆయా పని చేస్తూ పిల్లల వెనక కూర్చొని నేర్చుకున్నావని ఎవరూ అనుకోరు.

రూపను తీసుకొని రమ్మన్నావు. ఎండలు జర తగ్గనీ, వస్తాం.

నీ బిడ్డ,
కోమల


మర్రిగూడ,
5 జూలై 2018

చిరంజీవి కోమలకు,

పెద్దమ్మ బిక్షమ్మ దీవెనలు. అల్లునికి కూడా. మీ ప్రభువుకూ మా ఎల్లమ్మకూ ఇద్దరికీ దండం పెట్టి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. ఎవరికి తీరిక ఉంటే వాళ్ళు చూసుకుంటారు.

ఎండలు తగ్గనీ అన్నావు. ఎండలు పోయాయి. ఇప్పుడు వానలు తగ్గనీ అంటావు. ఆ తర్వాత చలి ఉండనే ఉంది. నేను రూపను చూసింది పురిటి బొంతలో. ఆ తర్వాత మూడుసార్లు నువ్వు ఒక్కదానివే వచ్చి పోయావు. పిల్లను ఇంటి దగ్గర వదిలి వచ్చేంత తొందర ఏముండేదో నాకు తెలియదు. అడగను కూడా.

దంట్లు పంపుతున్నాను. పై తొక్కను నిలువుగా చీల్చితే బద్దలు వస్తాయి, లోపల మెత్తటి బెండు ఉంటుంది. బెండు ముక్కలు చక్రాలు, బద్దలు ఇరుసులు. మొలల బదులు తుమ్మముళ్ళు. కత్తిపీట పిల్లకు అందనివ్వకు. నువ్వు చిన్నప్పుడు వేలు కోసుకొని పసుపు పెట్టనివ్వక వాడంతా తిప్పించావు, నాకు ఇంకా గుర్తుంది.

ఒక పని చెయ్యి. పిల్లను గోడకు ఆనించి నిలబెట్టి, నడినెత్తి నుంచి మడమ దాకా తెల్ల నూలుదారం పట్టి, తెంపి పంపు. ఆ దారాన్ని సగానికి మడిచి అంత పొడవు గుడ్డబొమ్మ కుడతాను. నాకు టేపు లెక్కలు రావు. దారం చేతిలో ఉంటే పిల్ల ఎదురుగా నిలబడినట్టే ఉంటుంది. నువ్వు చూపించని పిల్లను అట్లాగైనా చూసుకుంటాను.

బిక్షమ్మ


చౌటుప్పల్,
12 ఆగస్టు 2018

పెద్దమ్మకు వందనాలు.

దెప్పిపొడవడంలో నిన్ను మించినవాళ్ళు లేరు. రూపను బడిలో వేశాం, అందుకే కదలలేకపోయాం. నమ్మకపోతే నీ ఇష్టం.

దారం అందగానే బొమ్మ కుట్టి పంపావు, సంతోషం. నీ నీలం చీర కొంగే కదా అది? నా చిన్నప్పుడు ఆ కొంగుతోనే నా ముక్కు తుడిచేదానివి. జడకు నల్ల అంచు, లోపల గింజ తీసిన పత్తి. ఒళ్ళో పెట్టుకుంటే నిజంగా చంటిపిల్లను పట్టుకున్నట్టే బరువుంది. రూప దాన్ని వదలడం లేదు.

కానీ కాళ్ళు అట్లా ఎందుకు కుట్టావు? మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి తగిలి, పాదాలు ఎడంగా ఉన్నాయి. ముందు నేను చూసుకోలేదు. చూసి రూపను అడిగితే "గది గట్లనే ఉంటది, నిలబడరాదు, కూసుంటది" అన్నది. నీ కళ్ళకు కూడా అద్దాలు కావాలేమో పెద్దమ్మా.

ఇంకో మాట. నిన్న మధ్యాహ్నం నేను బట్టలు ఆరేసి వచ్చేలోపు రూప ఒక్కతే కూర్చొని దంట్లతో బండి చేసింది. అది చిన్నపిల్ల చేసినట్టు లేదు. ఎడ్లు లేవు, కాడి లేదు. నడుమ కూర్చోవడానికి బెండు పీట, దాని వెనక వీపు ఆనడానికి అడ్డం పుల్ల. ఎవరు నేర్పారే అంటే, "అవ్వోళ్ళ అక్క. గడప కాడ కూసొని చెప్పింది" అన్నది. అవ్వ అంటే దానికి నువ్వే. గడప దగ్గర ఎవరూ లేరు. వాకిలి గేటుకు గొళ్ళెం పెట్టే ఉంది.

పిల్లల మాటలు ఇట్లాగే ఉంటాయిలే. డేవిడ్‌కు చెబితే నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ తర్వాత మాత్రం బట్టలు తేవడానికి మిద్దె మీదికి పిల్లను వెంటబెట్టుకునే పోయాను.

కోమల


మర్రిగూడ,
20 ఆగస్టు 2018

కోమలా,

బొమ్మ కాళ్ళు నేను చక్కగానే కుట్టాను. లోపల జొన్నబద్ద పెట్టి మరీ కుట్టాను, వంగకుండా. నా చేతితో వంకర కాళ్ళు కుట్టడం ఈ జన్మలో జరగదు.

రూప చేసిన ఆ బండి నాకు పంపు. విరగకుండా గుడ్డలో చుట్టి పంపు. దసరాకు గౌను కుడతాను, మళ్ళీ ఒకసారి ఎత్తు దారం కూడా పట్టి పంపు.

గడప దగ్గర కూర్చున్న అక్క ఎట్లా ఉందో పిల్లను అడగకు. తనంతట తాను చెబితే విను. కొట్టకు.

పెద్దమ్మ


చౌటుప్పల్,
23 సెప్టెంబరు 2018

పెద్దమ్మకు,

బండి, దారం ఐలేశం అన్నకు ఇచ్చాను. ఈ ఉత్తరం కోపంతోనే రాస్తున్నాను, అట్లాగే చదువుకో.

రూప ఇంట్లో నీళ్ళు తాగడం మానేసింది. గ్లాసు నోటి దగ్గర పెడితే పెదాలు బిగబట్టుకుంటుంది. "అక్క తాగొద్దంటాంది" అంటుంది. బడిలో తాగుతుంది, ఐలేశం అన్న జీపు ఆగితే అందులోని సీసా నీళ్ళు తాగుతుంది, ఇంట్లో మాత్రం ముట్టదు. మొన్న నేను వంట చేస్తుంటే స్టూలు ఎక్కి తాగే నీళ్ళ బిందెను ఒరగదోసింది. వంటిల్లంతా నీళ్ళు. నాకు ఒళ్ళు తెలియలేదు, వీపు మీద కొట్టాను. పిల్ల ఏడవలేదు. గడప వైపు తిరిగి, ఎవరికో చెబుతున్నట్టు, "పారబోసిన అక్కా, ఇగ ఏడ్వకు" అన్నది. నేనూ అటు చూశాను పెద్దమ్మా. పట్టపగలు, వాకిట్లో ఎండ కాస్తున్నది, గడప మీద ఏమీ లేదు. కానీ పిల్ల చూపు ఒక్కచోటే నిలిచి ఉంది, కూర్చున్న మనిషి ముఖం ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో.

పడుకునేటప్పుడు మోకాళ్ళలో చీమలు తిరుగుతున్నాయంటుంది. లాగు విప్పి చూస్తే ఒక్క చీమ లేదు.

సుహాసిని వాళ్ళత్త భద్రమ్మ వచ్చి బొమ్మను చూసి, ఎక్కడిదని అడిగింది. నువ్వు కుట్టావనీ, నీకు ఒక పిల్ల పోయిందనీ చెప్పాను. "పిల్ల పోయిన ఇంట్ల కుట్టిన బొమ్మ పిల్లలున్న ఇంట్ల పెట్టుకుంటరా? మా ఇంట్ల కూడ పాకే పిల్లగాడున్నడు, జర తీసేయమ్మ" అన్నది. నీకు ఒక కూతురు ఉండి పోయిందని మాత్రమే నాకు తెలుసు. నేను పెరగడానికి నీ ఇంటికి వచ్చేసరికే ఆమె లేదు. నువ్వు ఎన్నడూ ఆమె సంగతి ఎత్తలేదు, నేను అడగలేదు. అట్లాంటి పిల్లను తలుచుకుంటూ నా బిడ్డకు బొమ్మ కుట్టావా? బొమ్మను తీసుకుపోయి హైవే పక్క చెత్తలో వేసి వచ్చాను. రూప ఏడుస్తుందని భయపడ్డాను. "అక్క బొమ్మల లేదు గద" అని ఊరుకుంది.

ఎట్లాగూ రాస్తున్నాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను. రూపను మర్రిగూడ తీసుకురానిది ఎండలకూ కాదు, వానలకూ కాదు. మీ నీళ్ళకు. నా పళ్ళు చూశావు కదా, పసుపుపచ్చ చారలు. నేను నవ్వితే ఇప్పటికీ చెయ్యి అడ్డం పెట్టుకుంటాను. మన వాడలో ముప్పై ఏళ్ళకే కట్టె పట్టుకొని నడిచేవాళ్ళను చూసి పెరిగాను. ఆ ఊరి నీళ్ళు నా పిల్ల నోట్లో ఒక్క చుక్క పడొద్దనే ఇంత దూరం వచ్చి, అప్పు చేసి ఇల్లు కట్టుకున్నాం. మూడేళ్ళుగా మా బోరు నీళ్ళు అద్దంలా ఉంటాయి. ఇప్పుడు అవే తాగనంటుంది.

నువ్వు ఇంక ఏమీ పంపకు.

కోమల


మర్రిగూడ,
27 సెప్టెంబరు 2018

కోమలా,

నన్ను తర్వాత తిట్టు. ముందు ఇది చదివి చెప్పినట్టు చెయ్యి.

నువ్వు పంపిన దారాన్ని పాత దారం పక్కన పెట్టాను. జూలైలో పంపిన దానికంటే ఇది వేలి వెడల్పు పొట్టిగా ఉంది. పెరిగే పిల్ల తగ్గదు కోమలా. నువ్వు సరిగా పట్టలేదేమో అనుకొని గుండె దిటవు చేసుకుందామని చూశాను. కానీ మోకాళ్ళు లోపలికి వంగితే మనిషి పొట్టిగానే కనిపిస్తుంది. ఈ సంగతి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మల్లికకు గౌన్లు కుట్టిన ప్రతిసారీ నా దారం పొట్టిదవుతూ వచ్చింది. నేనూ అప్పుడు దారాన్నే తిట్టాను.

నా బిడ్డ పేరు మల్లిక. నీకు ఎన్నడూ చెప్పలేదు. చెబితే నోరు ఆగదని భయం. నాలుగో ఏటి దాకా వాడంతా ఉరికింది. ఆ తర్వాత "అమ్మా, మోకాళ్ళల్ల చీమలు" అనేది. నేను కొబ్బరినూనె రాసేదాన్ని. చేతిపంపు నీళ్ళు కాచి, చల్లార్చి, నా చేతులతో తాగించేదాన్ని. మంచిదనుకొనే తాగించాను. కాళ్ళు ముడిపడి నిలబడలేక గడప దగ్గర కూర్చునేది. బయటి పిల్లలు ఆడుకుంటుంటే చూసేది. నడవలేని పిల్లకు ఆటలు ఇంటికే రావాలి కదా, అందుకని ఈ బొమ్మలూ బండ్లూ నేర్చుకున్నాను. నాకంటే బాగా తనే నేర్చుకుంది. ఎడ్లు లేని బండి చేసేది, తాను కూర్చోవడానికి. ఏడేళ్ళకు జ్వరం వచ్చి పోయింది.

రూప చేసిన బండి చూశాను. ఆనుడు పుల్లకు ఒక ముల్లు చాలు, అందరూ ఒకటే గుచ్చుతారు. మల్లిక రెండు గుచ్చేది, ఒకటి విరిగితే వెనక్కి పడతానని. రూప కూడా రెండు గుచ్చింది. చీమల మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఐలేశానికీ తెలియదు, ఎవరికీ తెలియదు. ఎట్లా జరిగిందని నన్ను అడగకు. బండిని ఒళ్ళో పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. భయం వేయలేదు. కుళ్ళు పుట్టింది. ఇన్నేళ్ళు ఈ గడప తలుపు వేయకుండా ఉంచాను, ఒక్కసారి రాలేదు. నీ ఇంటికి వచ్చింది.

బోరు నీళ్ళు సీసాలో పట్టి నల్లగొండకు పంపించి పరీక్ష చేయించు. పిల్లను దవాఖానకు తీసుకుపో, ఎముకలు చూపించు. అద్దంలా ఉన్నంత మాత్రాన నీళ్ళు మంచివి కావు. ఇక్కడి చేతిపంపు నీళ్ళూ అద్దంలాగే ఉండేవి. అక్క వద్దన్న నీళ్ళు పిల్లకు పోయకు.

నా బొమ్మను పారేసినందుకు బాధ లేదు. నా ఊరి నీళ్ళకు భయపడి పిల్లను దాచినందుకూ బాధ లేదు. నేనైనా అదే చేసేదాన్ని. కానీ ఇక్కడ కృష్ణ నీళ్ళు నల్లాలో వస్తున్నాయని నీకు ఎన్నోసార్లు రాశాను. నువ్వు నమ్మలేదు.

పెద్దమ్మ


చౌటుప్పల్,
21 అక్టోబరు 2018

పెద్దమ్మా,

నీ కాళ్ళు పట్టుకొని రాస్తున్నాననుకో.

నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది. ఉండాల్సిన దానికంటే ఎన్నో రెట్లు ఉందట. పరీక్ష కాగితం డేవిడ్ రెండుసార్లు చదివాడు. మర్రిగూడ నీళ్ళ నుంచి పారిపోయి, వాటినే భూమి లోపల వెతికి, మోటారు పెట్టి మరీ తాగించాను నా బిడ్డకు. గ్లాసు పట్టుకొని వెంటపడి తాగించాను. తాగనంటే కొట్టాను.

డాక్టరు ఎక్స్‌రే తీసి చూసి, "మోకాళ్ళు లోపలికి తిరగవట్టినయి. ఎముక ఇంక లేతగనే ఉన్నది, టైముకు తెచ్చిన్రు" అన్నాడు. నీళ్ళు మార్చి, పాలు, గుడ్లు, ఆకుకూరలు పెడితే చక్కబడతాయట. ఇంకో ఏడాది ఆగి ఉంటే చెప్పలేమన్నాడు. ఎట్లా గుర్తుపట్టావమ్మా అని అడిగాడు. ఏమని చెప్పాలి? మా పెద్దమ్మ దారం చూసి కనిపెట్టిందన్నాను. ఆయన నవ్వాడు.

మేం క్యాను నీళ్ళు కొంటున్నాం. కానీ పిల్ల స్నానం చేస్తూ పుక్కిలించినా ఉరికిపోయి నోరు తుడుస్తున్నాను. టౌన్‌లో నల్లా ఉన్న ఇల్లు కిరాయికి చూసుకునేదాకా రూపను నీ దగ్గర ఉంచుకుంటావా? అడగడానికి నాకు ముఖం లేదు. ఆదివారం చర్చి అయ్యాక డేవిడ్ తీసుకొస్తాడు.

పక్కింటి సుహాసినికి ఇంకా చెప్పలేదు, వాళ్ళు తాగేదీ ఇక్కడి బోరు నీళ్ళే. డేవిడ్ జర ఆగమన్నాడు. "బోరు ఖరాబైందని బయట పడితే మన ఇల్లు ఎవలు కొంటరు? ముందు అమ్ముకొని బయట పడదం" అంటున్నాడు. నేనూ సరేనన్నాను. వాళ్ళ పిల్లవాడు ఇంకా పాకుతూనే ఉన్నాడు కదా, ఇప్పుడే ఏం కాదు.

నీ కోమల


మర్రిగూడ,
4 నవంబరు 2018

చిరంజీవి కోమలకు,

రూప చేరింది. డేవిడ్ జీపు దిగి, పిల్లను నా చేతుల్లో పెట్టి, "అత్తమ్మా, మాఫ్ చెయ్యి" అన్నాడు. వినపడలేదు కానీ పెదాలు చూసి పోల్చుకున్నాను. మంచివాడే, భయస్తుడు.

పిల్ల వచ్చీ రాగానే చెంబెడు నీళ్ళు అడిగి గటగటా తాగింది. నేను పక్కన నిలబడి, ఆ గొంతు కదలడం చూసి ఏడ్చాను. పొద్దున రాగిజావ, సాయంత్రం మునగాకు పప్పు. మునగాకు చూస్తే ముఖం తిప్పుతుంది, నువ్వూ అంతే. నిన్న ఇద్దరం పాత చీరలు కత్తిరించి గుడ్డబంతి చేశాం. తాటాకుతో బూర చేసి ఊదింది. నాకు వినపడటం లేదని చెవిలో పెట్టి ఊదింది. కొంచెం గుయ్యిమన్నది, అబద్ధం కాదు. ఎన్నాళ్ళకో ఈ ఇంట్లో నేల మీద గుడ్డ పీలికలు, దంట్ల పొట్టు పడి ఉన్నాయి. ఊడ్చ బుద్ధి కావడం లేదు.

మొదటి రోజంతా నేను గడప వైపే చూస్తూ కూర్చున్నాను. పిల్లతో పాటు వస్తుందనుకున్నాను. వచ్చే దారి దానికి తెలియనిది కాదు. రూప గడప దాటి పోతున్నది, వస్తున్నది, ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఉండబట్టలేక అడిగాను.

"అక్క రాలేదా బిడ్డా?"

నాకు అర్థం కావాలని నా ముఖం రెండు చేతులతో పట్టుకొని, ఒక్కో మాట చెప్పింది. "రాలే. ఆడనే ఉన్నది. సుహాసిని ఆంటీ వాళ్ళ గడప కాడికి పోయింది. ఆ తమ్మునికి మాటలు రావు గద, చెప్తే ఇంటలేడట. ఏడుస్తాంది."

కోమలా, ఇది చదవగానే లేచి పో. డేవిడ్ వచ్చేదాకా ఆగకు. ఇల్లు అమ్ముడుపోతే పోతుంది, లేకపోతే లేదు. భద్రమ్మ నన్ను అన్న మాటకు ఆమె మనవని కాళ్ళు బలి కావొద్దు. నీళ్ళ కాగితం సుహాసిని చేతిలో పెట్టి అంతా చెప్పు. ఆ వెంచర్‌లో పిల్లలున్న ప్రతి ఇంటికీ పోయి చెప్పు. ఒక్క ఇల్లు మిగిలినా నా బిడ్డ అక్కడే కూర్చుంటుంది.

అందరికీ చెప్పడం అయ్యాక, ఎవరూ లేనప్పుడు సుహాసిని వాళ్ళ గడప దగ్గర కాసేపు కూర్చో. నీకు ఏమీ కనపడకపోవచ్చు. అయినా చెప్పు, అమ్మ రమ్మంటున్నదని. ఇక్కడ నీళ్ళు ఇప్పుడు మంచివని చెప్పు. లేకపోతే భయపడుతుంది.

చెప్పి ఊరికే వచ్చెయ్యకు. అది నడవలేదు. ఎత్తుకొని తీసుకురా.

పెద్దమ్మ